పురుగూ ఉండకూడదు, మందూ ఉండకూడదు: నూజివీడు బంగినపల్లిని విదేశానికి పంపాలంటే

విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌లో కాయను చేత్తో పట్టుకుని, తొడిమ దగ్గర వాసన చూసి ధర చెప్పేస్తారు. విదేశీ విమానాశ్రయంలో అలా కుదరదు. అక్కడ ముందు కాగితం చూస్తారు. కాగితం సరిగ్గా ఉంటే కాయ కోసి పురుగు కోసం వెతుకుతారు. అనుమానమొస్తే ముక్కలు చేసి ల్యాబ్‌కు పంపుతారు. రంగు, రుచి, సైజు వీటన్నిటి తర్వాతే. కాగితం, పురుగు, ల్యాబ్ ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా కాయ ఎంత బాగున్నా లాభం లేదు.

నూజివీడు, తిరువూరు, మైలవరం, విస్సన్నపేట వైపు తోటలున్న రైతులకు, విజయవాడ నుంచి కొత్తగా ఎగుమతి మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఇక్కడ చెప్పేది పనికొస్తుంది. బంగినపల్లిని ఉదాహరణగా తీసుకున్నాం. నిమ్మ, జామ, దానిమ్మలకు వివరాలు మారతాయి గానీ పని వరస దాదాపు ఇదే.

రెండు కంచెలు, రెండు శాఖలు

చాలామంది కలిపేసే విషయం ఒకటుంది. మొక్కల ఆరోగ్యం వేరు, ఆహార భద్రత వేరు. మొదటిదాని భయం మన పండు ఈగ, టెంక పురుగు వాళ్ళ తోటల్లోకి దిగుతాయని. రెండోదాని భయం తినేవాడి కడుపులోకి పురుగుమందు పోతుందని. మన వైపు మొదటిదానికి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇచ్చేది కేంద్ర మొక్కల సంరక్షణ, క్వారంటైన్ విభాగం. రెండోదానికి ఆధారం ల్యాబ్ రిపోర్టు, మీ పిచికారీ పుస్తకం.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఈగ కోసం ఏప్రిల్‌లో మందు కొడితే ఈగ పోతుంది, అవశేషం మిగులుతుంది. మందు మానేస్తే అవశేషం ఉండదు, కాయలో పిల్లపురుగు ఉంటుంది. కాబట్టి ఈగను మందుతో కాక ఇంకో దారిలో ఆపాలి. కింద చెప్పే పనుల్లో సగం ఇందుకోసమే.

మన దేశంలో చెల్లిన కాయ అక్కడ ఎందుకు చెల్లదని తరచూ అడుగుతుంటారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 1995 నుంచి ప్రతి దేశానికీ శాస్త్రీయ ఆధారం చూపించి సొంత పరిమితి పెట్టుకునే హక్కుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నా, అంతకంటే గట్టిగా పెట్టుకోవచ్చు. అందుకే మందు డబ్బా మీద రాసిన 'కోతకు ముందు ఆగాల్సిన రోజులు' భారత పరిమితికి సరిపడేవి. ఐరోపాకు ఆ రోజులు చాలకపోవచ్చు. మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ముందు దేశం, తర్వాత మందు

కాయ కోశాక ఎవరికి పంపుదామని ఆలోచించేది స్థానిక వ్యాపారం. ఎగుమతిలో దేశం ముందు తేలాలి. జనవరిలో పూత మీద తేనెమంచు పురుగుకు ఏం కొట్టారన్నదాన్ని బట్టే మే నెలలో ఆ కాయ ఏ దేశం గడప తొక్కగలదో ఖాయమవుతుంది.

గల్ఫ్ దేశాలు కొంత తేలిక. ఫైటో సర్టిఫికెట్ కావాలి, అవశేషాల పరీక్షలూ ఉంటాయి గానీ కాయలోని పురుగును చంపే వేడినీటి శుద్ధి లాంటి షరతు సాధారణంగా ఉండదు. తేలికంటే ఎప్పటికీ తేలికని కాదు. 2018లో కేరళలో నిపా వైరస్ వచ్చినప్పుడు అక్కడి తాజా పండ్లను యూఏఈ కొన్నాళ్ళు ఆపేసింది.

ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుంచి భారత మామిడిని పూర్తిగా నిషేధించింది. పండు ఈగ పట్టుబడటమే కారణం. వేడినీటి శుద్ధి, ప్యాక్‌హౌస్ (కాయలు శుద్ధి చేసి పెట్టెల్లో సర్దే కేంద్రం) తనిఖీ తప్పనిసరి చేశాక 2015 మొదట్లో తలుపు మళ్ళీ తెరిచింది. బ్రిటన్ 2021 నుంచి అవశేషాల పరిమితులు వేరుగా నడుపుకుంటోంది. ఐరోపా జాబితా చూసి లండన్‌కు పంపడం సరికాదు.

జపాన్ ఇరవై ఏళ్ళు ఆపి 2006లో అనుమతించింది, ఆవిరి శుద్ధి షరతు మీద. కొరియాకూ ఆవిరి శుద్ధే. 2021లో కృష్ణా, చిత్తూరు జిల్లాల బంగినపల్లి, సువర్ణరేఖ తిరుపతిలోని ఆవిరి శుద్ధి కేంద్రం మీదుగా అక్కడికి వెళ్ళాయి. అమెరికా 2007 నుంచి వికిరణం, అంటే రేడియేషన్‌తో శుద్ధి, చేసిన కాయనే తీసుకుంటోంది. కనీస మోతాదు 400 గ్రే (గ్రే రేడియేషన్ కొలత). అమెరికా గుర్తించిన కేంద్రాలు దేశంలో కొన్నే. వాషి, లాసల్‌గావ్ వాటిలోవి, రెండూ మహారాష్ట్రలోనే. నూజివీడు నుంచి అంత దూరం లారీలో పోయి, శుద్ధి అయ్యి, ఆపైన విమానం ఎక్కాలి. మొదటి ఏడాదే అమెరికా పెట్టుకోవద్దు.

0.01 అంటే ఎంత

ఐరోపాలో ఒక మందుకు మామిడి మీద ప్రత్యేక పరిమితి లేకపోతే దానంతటదే వర్తించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. జపాన్‌లోనూ అంతే. పది టన్నుల లోడు మొత్తానికీ లెక్క కడితే గ్రాములో పదో వంతు. పక్క చేలో మిర్చికి కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చినా, ముందురోజు పత్తికి వాడిన ట్యాంకును కడగకుండా మామిడికి వాడినా ఈ అంకె దాటిపోతుంది. అమెరికా లెక్క ఇంకో రకం. అక్కడ ఆ పంట మీద పరిమితి ఖరారు కాని మందు కనిపించిందంటే అది ఎంతున్నా ఉల్లంఘనే.

ఇంకో అపోహ, తొక్క తీసి తింటారు కదా అని. ల్యాబ్‌లో టెంక మాత్రమే తీసి తొక్కతో సహా గుజ్జు చేస్తారు. తేలిన మోతాదును టెంకతో కలిపి మొత్తం కాయ బరువు మీద లెక్కకడతారు. మందు ఎక్కువగా పట్టేది తొక్కకే, అదీ లెక్కలోకొస్తుంది.

ఏ మందులు చూసుకోవాలి? క్లోర్‌పైరిఫాస్‌కు ఐరోపా అనుమతి 2020లో పోయింది, పరిమితి 0.01కి దిగింది. డైమిథోయేట్ అనుమతి అంతకు ముందే, 2019లో పోయింది. తేనెమంచు పురుగుకు ఇక్కడ చాలామంది చేతికందే థయామెథాక్సామ్ విషయంలో 2023లో కొత్త నిబంధన వచ్చింది. 2026 మార్చి 7 నుంచి థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ రెండింటి పరిమితులూ పరికరం గుర్తించగల కనిష్ఠ స్థాయికి దిగుతాయి. మొక్కలో థయామెథాక్సామ్ కొంత క్లోథియానిడిన్‌గా మారుతుంది. మీరు ఒక్కటే కొట్టినా రిపోర్టులో రెండు పేర్లు రావచ్చు. నేను ఆ మందు కొట్టనే లేదని వాదించే రైతు చాలాసార్లు నిజమే చెబుతుంటాడు, రిపోర్టూ తప్పు కాదు.

బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడుకుంటే చిక్కు లేదు. ఐరోపాలో గంధకానికి అవశేష పరిమితే అక్కర్లేని జాబితాలో చోటుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం కొడితే మాత్రం పూత మాడుతుంది. మిగతా మందులకు ఒకటే పద్ధతి. కొనుగోలుదారు నుంచి అనుమతించిన మందుల జాబితా రాతపూర్వకంగా తెప్పించుకోండి. దాన్ని మన దేశంలో మామిడికి లేబుల్ అనుమతి ఉన్న మందులతో పోల్చండి. రెండింటిలోనూ ఉన్నవే వాడండి. దుకాణంవాడు అంటగట్టే 'కాంబినేషన్' డబ్బాల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి, లోపలున్న అసలు మందు పేరు చదవకుండా కొనవద్దు. పూత కోసం కల్టార్ (అసలు మందు పేరు ప్యాక్లోబ్యూట్రజాల్) పోసిన తోటైతే ఆ సంగతి ల్యాబ్‌కు ముందే చెప్పి, దాని పేరూ పరీక్షలో చేర్పించండి. అది నేలలో చాలా కాలం ఉండిపోతుంది.

చట్టం ఒక్కటే కాదు. కొన్ని సూపర్‌మార్కెట్ కంపెనీలు చట్టం ఇచ్చిన పరిమితిలో సగమో, మూడో వంతో దాటకూడదని సొంత షరతు పెడతాయి. రిపోర్టులో ఎన్ని రకాల మందులు కనిపించవచ్చో కూడా లెక్క పెడతాయి. మంచి సాగు పద్ధతులు పాటించారని చెప్పే గ్లోబల్ గ్యాప్ సర్టిఫికెట్ అడిగేది కూడా కొనేవాళ్ళే, ఏ దేశ ప్రభుత్వమూ కాదు.

ఈగను మందు లేకుండా ఆపడం

మిథైల్ యూజినాల్ ఎరలు పిందె దశ దాటగానే, మార్చిలోనే కట్టాలి. హెక్టారుకు పది చాలు. ఇవి మగ ఈగలనే లాగుతాయి. ఎరలో ఈగలు నిండాయని సంబరపడితే ఆడ ఈగ తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి రాలిన కాయలను రెండు రోజులకోసారి ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. చాలా తోటల్లో చేయనిదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. రాలిన కాయలో పెరిగిన పిల్లపురుగు మట్టిలోకి దిగి ఈగగా పైకొస్తుంది. మీరు ఏరినా పక్క తోట వాళ్ళు ఏరకపోతే ఫలితం సగమే.

కాయకు కాగితపు కవరు తొడగడం ఖర్చుతో కూడిన పనే. అయినా ఎగుమతికి పెట్టిన చెట్లకు చేయాల్సిందే అని మా అభిప్రాయం. కాయ కోడిగుడ్డు సైజుకు వచ్చాక తొడగాలి. తొడిగే ముందు తడి ఆరనివ్వాలి, లేకపోతే లోపల మచ్చ తెగులు ముదురుతుంది. కవరు మూతి కాడ దగ్గర బిగుతుగా ఉండాలి, సందు ఉంటే పిండినల్లి లోపల కాపురం పెడుతుంది. కవరు పడ్డాక మందు నేరుగా కాయ మీద పడదు. రెండు కంచెలకూ ఒకే పనితో జవాబు దొరికేది ఇక్కడొక్కచోటే.

గుత్త తోటల చిక్కు

మన ప్రాంతంలో పూత చూసి తోటను గుత్తకు ఇచ్చేయడం మామూలే. మందు కొట్టేది గుత్తేదారు, పాస్‌బుక్‌లో పేరు రైతుది, కాయ కొనేది మూడో మనిషి. ఏ మందు ఎప్పుడు పడిందో ఎవరి దగ్గరా రాతలో ఉండదు. ఇలాంటి తోట ఎంత మంచి కాయ కాసినా ఐరోపాకు పనికిరాదు. ఎగుమతి అనుకుంటే గుత్త ఒప్పందంలోనే మందుల జాబితా రాయించుకోండి, లేదా ఎగుమతికి అనుకున్న ఎకరాలను గుత్తలోంచి తప్పించండి.

తోట నమోదు, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా వారి హార్టీనెట్ వెబ్‌సైటులో జరుగుతుంది. పట్టాదారు పాస్‌బుక్, సర్వే నంబరు, ఆధార్ పట్టుకుని గ్రామ ఉద్యాన సహాయకుణ్ణి కలవండి. ఉద్యాన శాఖ అధికారి తోట చూశాక నమోదు సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య చివరికి పెట్టె మీదకు చేరుతుంది కాబట్టి కోతల హడావుడిలో కాకుండా పూతకు ముందే ఈ పని ముగించండి. ఎగుమతిదారుకైతే దిగుమతి, ఎగుమతి కోడ్, అపెడా సభ్యత్వం రెండూ ఉండాలి.

పిచికారీ పుస్తకంలో ప్రతి సారీ రాయాల్సినవి: తేదీ, తోటలో ఏ భాగం, డబ్బా మీది పేరు, లోపలి అసలు మందు పేరు, బ్యాచ్ నంబరు, లీటరు నీటికి ఎంత, కొట్టిన మనిషి. డబ్బా లేబుల్ ఫోటో తీసిపెట్టుకోండి. ఏమీ కొట్టని నెలకు కూడా 'ఏమీ లేదు' అని రాయండి. ఖాళీ పేజీ చూస్తే తనిఖీదారుకు దాచారన్న అనుమానం వస్తుంది.

నమూనా ఎలా తీయాలి

కోతకు మూడు వారాల ముందు ఒకసారి, కోతకు వారం ముందు మరోసారి పరీక్ష చేయిస్తే మేలు. మొదటిది మీ నిర్ణయం కోసం, రెండోది కొనేవాడి కోసం. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను తనిఖీ చేసి గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండాలి. మామిడి మీద ఆ మందుల పరీక్షకు గుర్తింపు ఉందా అని విడిగా అడగాలి, గుర్తింపు ఒక్కో పరీక్షకు వేరుగా ఉంటుంది. కోడెక్స్ లెక్క ప్రకారం 250 గ్రాములు దాటిన కాయలైతే ఒక నమూనాకు కనీసం ఐదు కాయలు, రెండు కిలోలు. బంగినపల్లి ఈ కోవలోకే వస్తుంది. గట్టు పక్క చెట్టు, మధ్య చెట్టు, పై కొమ్మ, కింది కొమ్మ కలిపి తీయండి. మందు పడని మూల నుంచి ఏరి పంపితే రిపోర్టు బాగానే వస్తుంది, సరుకు మాత్రం అక్కడ దొరికిపోతుంది. వీలుంటే ల్యాబ్ మనిషి చేతే తీయించండి.

కోత, సొన

భుజాలు నిండి తొడిమ చుట్టూ పల్లం పడిన కాయే కోయాలి. నీళ్ళ తొట్టిలో వేస్తే ముదురు కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. లేత కాయను వేడినీటిలో ముంచితే తొడిమ దగ్గర కుంగి, లోపల గుజ్జు ఉడికినట్టయి సరిగ్గా పండదు. శుద్ధి యంత్రం కాయను పాడుచేసిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తోటలో తొందరపడి కోసిన లేత కాయే.

కత్తెర ఉన్న చిక్కంతో మూడు నాలుగు అంగుళాల కాడ ఉంచి కోసి, నీడలో కాడను సెంటీమీటరుకు కత్తిరించి, తలకిందులుగా పెట్టి సొన కార్చాలి. సొన తొక్క మీద పడితే నల్లటి చార పడుతుంది, వేడినీటికి అది ఇంకా తేలుతుంది. కాయను నేల మీద పోయవద్దు. క్రేట్ల నుంచి నేరుగా ప్యాక్‌హౌస్‌కు పోవాలి. మధ్యలో మార్కెట్ యార్డులో దింపితే రెండు నష్టాలు. ఏ తోట కాయో ఆనవాలు పోతుంది, పక్కన కార్బైడ్ ఉంటే దాని మరకా అంటుతుంది. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలోనే నిషేధం. ఎగుమతి కాయ ఎలాగూ పచ్చిగానే వెళ్ళి అక్కడ ఇథిలీన్ గదిలో పండుతుంది.

వేడినీటి శుద్ధి

ఐరోపాకు 48 డిగ్రీల సెల్సియస్ నీటిలో 60 నిమిషాలు. జపాన్‌కు ఆవిరి గదిలో కాయ లోపలి ఉష్ణోగ్రత 47.5 డిగ్రీలకు చేరాక 20 నిమిషాలు. ఈ రెండింటి తేడా గమనించండి. మొదటిది నీటి వేడి, రెండోది గుజ్జు వేడి.

తొట్టిలో చల్లటి క్రేట్లు దించగానే నీటి వేడి పడిపోతుంది. అది మళ్ళీ 48కి వచ్చాకే గడియారం మొదలవ్వాలి. నీరు తిరిగే పంపు సరిగ్గా లేకపోతే తొట్టి మూలల్లో ఒకటి రెండు డిగ్రీలు తక్కువుంటుంది, అక్కడి కాయల్లో పురుగు బతికిపోతుంది. రెండు డిగ్రీలు ఎక్కువైతే తొక్క కమిలిపోతుంది. థర్మామీటర్లకు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో, నీటి ఉష్ణోగ్రతను గీతగా గీసే చార్టు యంత్రం ప్రతి బ్యాచ్‌కూ అచ్చు ఇస్తోందో లేదో మీరే చూసుకోండి. కాయలు సైజుల వారీగా వేరుచేసి ముంచాలి. తీశాక చల్లటి తాగునీటితో చల్లార్చి, ఆరబెట్టి, దోమతెర కట్టిన రెండు తలుపుల గదిలోకే తేవాలి. శుద్ధి అయిన కాయ, కాని కాయ ఒకే గదిలో కలిస్తే చేసిందంతా వృథా. ఫలానా ప్యాక్‌హౌస్‌కు ఈ ఏడాది ఏ దేశానికి గుర్తింపు ఉందో అపెడా జాబితాలో చూసుకున్నాకే బుక్ చేసుకోండి.

నిల్వ 12, 13 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబరిస్తే తొక్క బూడిద రంగుకు తిరిగి, పండేటప్పుడు మచ్చలు తేలతాయి.

కాగితాలు

పెట్టె మీద రకం పేరు, భారతదేశం అన్న మాట, నికర బరువు, తోట నమోదు సంఖ్య, ప్యాక్‌హౌస్ కోడ్, లాట్ నంబరు ఉండాలి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ జాబితా, ఫైటో సర్టిఫికెట్, శుద్ధి సర్టిఫికెట్‌లలో పెట్టెల సంఖ్య, బరువు, లాట్ ఒక్క అంకె తేడా లేకుండా కలవాలి. ఐరోపాకు ఫైటో సర్టిఫికెట్ సరుకు బయల్దేరడానికి 14 రోజుల కంటే ముందుది కాకూడదు. అందులోని అదనపు ప్రకటన ఆ దేశం చెప్పిన వాక్యం ప్రకారమే ఉండాలి, మన సొంత మాటల్లో కాదు. చెక్క పాలెట్ వాడితే 56 డిగ్రీల వేడిలో అరగంట శుద్ధి చేసిన ముద్ర దాని మీద ఉండాలి. పాలెట్‌కు ముద్ర లేకపోయినా మామిడితో సహా ఆపేస్తారు.

కాగితం విలువ తెలియాలంటే 2025 మే చూడండి. ముంబైలో వికిరణం పూర్తయిన భారత మామిడి లోడ్లు పదిహేనింటిని అమెరికా విమానాశ్రయాల్లో వెనక్కి కొట్టారు. శుద్ధికి సంబంధించిన పీపీక్యూ 203 పత్రంలో తేడా ఉందన్నది కారణం. తిరిగి తెచ్చుకునే ఖర్చు సరుకు విలువను మించుతుంది కాబట్టి ఎగుమతిదారులు అక్కడే నాశనం చేయించారు.

ఆపేస్తే

తాజా పండుకు అప్పీలు చేసుకునే వ్యవధి ఉండదు. ముందుగా దిగుమతిదారు నుంచి అధికారిక నోటీసు ప్రతి, ల్యాబ్ రిపోర్టు తెప్పించండి. పురుగు కారణమా, అవశేషమా, కాగితమా అన్నది మొదటి గంటలో తేలాలి, ఎందుకంటే తర్వాతి పని మూడింటికీ వేరు. కాగితమైతే సవరించిన ప్రతిని ఒప్పుకుంటారేమో వెంటనే అడగాలి. అవశేషమైతే లాట్ నంబరు పట్టుకుని తోటను గుర్తించి, అదే తోట కాయ ఇంకా ప్యాక్‌హౌస్‌లో ఉంటే ఆ దేశపు లోడులోంచి తీసేయాలి. రెండో లోడు కూడా పట్టుబడితే ఆ ఎగుమతిదారు పేరు మీద ప్రతి లోడూ ఆపి పరీక్షించే పరిస్థితి వస్తుంది. అమెరికాలో అయితే సరుకును పరీక్షించకుండానే నిలిపేసే జాబితాలో పేరు చేరవచ్చు, అందులోంచి బయటపడడానికి వరసగా శుభ్రమైన లోడ్లు చూపించుకోవాలి. పురుగైతే ఆ బ్యాచ్ చార్టు, మిగతా బ్యాచ్‌ల చార్టులు పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా సాధారణంగా ఉష్ణోగ్రత గీతలోనే కనిపిస్తుంది.

నాశనం చేయించే ఖర్చు ఎవరిదన్నది అప్పుడు మాట్లాడితే కుదరదు. విజయవాడలో ఒప్పందం మీద సంతకం పెట్టే రోజునే మూడు వాక్యాలు రాయించుకోండి: అవశేషం వల్ల ఆగితే ఎవరు భరించాలి, పురుగు వల్ల ఆగితే ఎవరు, కాగితం తప్పైతే ఎవరు.